నేల మీద కూర్చుంటే అందరిదీ ఒకే ఎత్తు

ప్రశ్న: సంక్రాంతి వాలీబాల్ పోటీల్లో పోలియో వచ్చిన కుర్రాళ్లు, యానాది కాలనీ పిల్లలు చూడ్డానికే పరిమితం. కలిసి ఆడే దారుందా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: సిట్టింగ్ వాలీబాల్ పెట్టండి, అంటే అందరూ నేల మీద కూర్చునే ఆడేది. కోర్టు పొడవు 10 మీటర్లు, వెడల్పు 6. నెట్ ఎత్తు మగవాళ్లకు 1.15 మీటర్లు, ఆడవాళ్లకు 1.05. జట్టుకు ఆరుగురే. అవతలి సర్వీసును నెట్ దగ్గరే బ్లాక్ చేయొచ్చు. తిప్పలు కాళ్లు బాగున్నవాళ్లకే: స్మాష్ కొట్టేటప్పుడు పిరుదులు నేల విడిస్తే ఫౌల్, వాళ్లేమో అలవాటుకొద్దీ లేస్తారు. అది చూడటానికే ఒకరిని పక్కన గొంతుక్కూర్చోబెట్టండి. గరప నేలైతే అరచేతులు, తొడలు చెక్కుకుపోతాయి; టార్పాలిన్ పరిస్తే ముడతలు పడి జారుతుంది. ఇసుక ఊడ్చేసిన నున్నటి గచ్చు మేలు.

కాలనీ పిల్లలకు విడి జట్టు మాత్రం వద్దు, చీటీలు తీసి కలపండి. రొయ్యల గుంటల పనికి పోయేవాళ్లుంటే ఆట వేళ వాళ్లనడిగే పెట్టండి.