అరకు ఘాట్‌కు రెండు చైన్‌రింగులా, మూడా?

చి. సౌజన్యకు పెదనాన్న ఆశీస్సులు.

విశాఖ నుంచి అరకు దాకా తొక్కాలని కొత్త రోడ్ సైకిలు కొంటున్నావనీ, ముందు, పెడళ్ల దగ్గర, రెండు చైన్‌రింగులు (చైను తిరిగే పళ్ల చక్రాలు) ఉన్నది తీసుకోవాలో మూడున్నది తీసుకోవాలో తేలడం లేదనీ రాశావు. రెండు రింగుల కాంపాక్ట్ క్రాంకే (పెడళ్లూ రింగులూ బిగించే భాగం) తీసుకో అమ్మా. అయితే వెనక క్యాసెట్‌లో, అంటే వెనక చక్రానికుండే పళ్ల చక్రాల వరుసలో, అన్నిటికన్నా పెద్ద చక్రానికి (స్ప్రాకెట్‌కు) కనీసం 32 పళ్లు ఉండాలి. ఈ షరతు కుదరకపోతే నా సలహాలో మొదటి సగం కూడా పనికిరాదు.

ఎత్తు ఎక్కేటప్పుడు కాళ్ల మీద పడే బరువు రింగుల సంఖ్యను బట్టి ఉండదు. ముందున్న చిన్న రింగు పళ్లను వెనకున్న పెద్ద స్ప్రాకెట్ పళ్లతో భాగిస్తే వచ్చే నిష్పత్తిని బట్టి ఉంటుంది. అది ఎంత తగ్గితే తొక్కడం అంత తేలిక. మూడు రింగుల రోడ్ క్రాంకుకు సాధారణంగా 50, 39, 30 పళ్లుంటాయి కాబట్టి, వెనక 28 ఉంటే ఆ నిష్పత్తి 1.07. కాంపాక్ట్‌కు ఉండేవి 50, 34. వెనక 32 పెడితే 1.06 వస్తుంది. అంటే మూడో రింగు వల్ల కలిగే సుఖమంతా క్యాసెట్‌తోనే దొరుకుతోంది. అదే కాంపాక్ట్‌ను 28తో సరిపెట్టుకుంటే నిష్పత్తి 1.21 అవుతుంది. కాగితం మీద ఇది చిన్న తేడాగానే కనిపిస్తుంది కానీ, ఎస్.కోట దాకా మైదానంలో తొక్కి, ఆ తరువాత అనంతగిరి వైపు ఎడతెగకుండా ఎక్కవలసిన మోకాళ్లకు అది చాలా పెద్ద తేడా. మామూలు 700×25 టైరు ఒక్కసారి తిరిగితే సుమారు 2.1 మీటర్లు వెళుతుంది. 34×32 మీద (ముందు 34, వెనక 32) నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పితే గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో, సీటు మీద కూర్చునే, ఊపిరి అదుపు తప్పకుండా ఎక్కగలవు. 34×28 మీద అదే వేగానికి నిమిషానికి 52 సార్లే తిరుగుతుంది; ప్రతి తొక్కూ అంత బరువెక్కుతుంది.

కాంపాక్ట్‌కు ఒక ఇబ్బంది ఉన్న మాట నిజం. 50 నుంచి 34కు దిగినప్పుడు ఒకేసారి 16 పళ్లు తగ్గుతాయి కనుక కాళ్లు ఒక్కసారిగా గాలిలో తిరిగినట్లవుతాయి. అందుకే ముందు రింగు దించగానే వెనక రెండు స్ప్రాకెట్లు చిన్న వైపుకు మార్చాలి. అదీ వాలు మొదలు కాకముందే, పెడల్ మీద బలం తగ్గించి మార్చాలి. బలంగా తొక్కుతూ మారిస్తే చైను చిన్న రింగును కూడా దాటి ఫ్రేము వైపు జారిపోవచ్చు. మూడు రింగుల సైకిలులో ఈ గొడవ తక్కువ. మైదానంలో 39 మీదే హాయిగా చాలా దూరం సాగిపోవచ్చు. ఆ నడిమి రింగంటే నాకు ఇప్పటికీ మక్కువే.

టెంటు, సంచులు కట్టుకుని రోజుల తరబడి తిరిగే ఉద్దేశం ఉంటే మాత్రం నా సలహా మారుతుంది. లోపలి రింగును బిగించే బోల్టుల వృత్తం 74 మిల్లీమీటర్లు ఉన్న మూడు రింగుల క్రాంకులో లోపలి రింగును 24 పళ్ల దాకా తగ్గించుకోవచ్చు. ఆ వృత్తం 110 మిల్లీమీటర్లుండే కాంపాక్ట్‌లో 33 కన్నా కిందికి దిగలేవు. నీది ఒక్కరోజు ప్రయాణం, వెంట నీళ్ల సీసాలు తప్ప బరువేమీ ఉండదు కాబట్టి నీకు ఆ అవసరం రాదు. పైగా షిమానో కంపెనీ 105, అల్టెగ్రా గేర్ల సెట్లు 11 స్పీడుకు (వెనక 11 స్ప్రాకెట్లకు) మారినప్పటి నుంచి వాటిలో మూడు రింగుల క్రాంకే లేదు. తరువాత రెండు నుంచి మూడుకు మారాలన్నా క్రాంకుతో పాటు గేరు మార్చే ఎడమ షిఫ్టరు, చైనును రింగు నుంచి రింగుకు జరిపే ముందు డీరైలరు, చాలాసార్లు వెనక డీరైలరు కూడా మార్చవలసి వస్తుంది.

దుకాణంలో చెప్పిన అంకెలు నమ్మి ఊరుకోకు. పళ్ల సంఖ్య రింగు మీదా స్ప్రాకెట్ మీదా ముద్రించి ఉంటుంది, వంగి చదువు, కనిపించకపోతే లెక్కపెట్టు. పొట్టి కేజ్ (చైనును పట్టి ఉంచే కింది చట్రం) ఉన్న వెనక డీరైలర్లు చాలావరకు 32 పళ్ల స్ప్రాకెట్‌కు పనికిరావు. అందువల్ల అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ డీరైలరు లోపలి వైపున్న మోడల్ నంబరు ఫొటో తీసి పంపు; అది 32కు సరిపోతుందో లేదో చూసి సాయంత్రానికల్లా చెబుతాను.

నీ పెదనాన్న