బ్యాటరీ హెల్త్ 92 శాతం అంటే సరిపోదు, కారు 15 శాతం ఛార్జ్‌తో ఉన్నప్పుడు చూడండి

"నాలుగేళ్ల పాత లగ్జరీ ఎలక్ట్రిక్ కారు, బ్యాటరీ హెల్త్ 92 శాతం అంటున్నారు, తీసుకోవచ్చా?" అని అడిగారు. బ్యాటరీ హెల్త్ అంటే కొత్తప్పటితో పోలిస్తే బ్యాటరీలో ఇప్పుడు ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే అంకె, అది కారు కంప్యూటర్ తనకు తాను వేసుకున్న లెక్క. దాన్ని నమ్మి డబ్బు కట్టొద్దు. అమ్మేవాళ్లకు ముందే ఒక మాట చెప్పండి: బండి కడగకపోయినా పర్లేదు, ఛార్జ్ 15 శాతం దగ్గర ఉంచి రాత్రంతా కదపొద్దు. ఫుల్ ఛార్జ్ చేసి, ఓ రౌండు తిప్పి తెచ్చిన బండిలో రోగాలు కనబడవు.

400 వోల్టుల బ్యాటరీ ప్యాకుల్లో చాలావాటికి 96 సెల్ గ్రూపులు సిరీస్‌లో, అంటే గొలుసులా ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. సగం పైన ఛార్జ్ ఉంటే అన్నీ బుద్ధిమంతుల్లాగే కనిపిస్తాయి. ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటర్‌లోని లెక్కలు, ఫాల్ట్ కోడ్‌లు ఫోన్‌లో చూపించే చిన్న ప్లగ్) పెట్టి, బండి నిలబడి ఉండగా, అన్నిటికన్నా ఎక్కువ, తక్కువ సెల్ వోల్టేజీలు చూడండి. తేడా 20 మిల్లీవోల్టుల లోపైతే దిగులు లేదు. 95 గ్రూపులు 3.45 వోల్టుల దగ్గరుండి ఒకటి మాత్రం 3.30కి జారిందా, మిగతావాటిలో ఎంత మిగిలున్నా బండి దాని దగ్గరే ఆగిపోతుంది. దాని నంబరు రాసుకుని, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతూ పక్కవాళ్లను చూడమనండి. మళ్లీ అదే నంబరు అందరికన్నా కిందికి పడితే ఇక బేరం కూడా వద్దు.

అక్కణ్ణించి నేరుగా ఛార్జింగ్‌కి వెళ్లండి. డీసీ ఫాస్ట్ ఒక్కటే చూసి వచ్చేస్తారు చాలామంది. డీసీ కరెంటు కారులోని ఆన్‌బోర్డ్ ఛార్జర్‌ని (ఏసీ కరెంటును డీసీగా మార్చే పెట్టె) ముట్టుకోదు, చాలా కార్లలో అది పోయినా డీసీ హాయిగా ఎక్కుతుంది. అందుకే త్రీ ఫేజ్ ఏసీ (మూడు లైన్ల మామూలు కరెంటు) ఛార్జింగ్ పాయింట్‌లో కూడా పెట్టండి. 11 కిలోవాట్లు తీసుకోవాల్సిన బండి 7 దగ్గరే ఆగితే ఒక ఫేజ్ పనిచేయట్లేదని అనుమానించాలి. తప్పు పాయింట్‌దా కారుదా అని తేల్చడానికి ఇంకో పాయింట్‌లోనూ పెట్టి చూడండి. వైపర్లు, హారన్ దాకా టిక్కులు కొట్టే సర్టిఫైడ్ చెకింగ్ కాగితాల్లో ఈ ఒక్క పరీక్ష ఎందుకుండదో!

ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి సంచులు) ఉంటే చక్రం మధ్య నుంచి దాని పైనున్న ఫెండర్ అంచు దాకా టేపుతో నాలుగు మూలలా కొలవండి, రాత్రి ఒకసారి, పొద్దున డోర్ తీయకముందు ఒకసారి. ఒక మూల రెండు సెంటీమీటర్లు కుంగితే గాలి లీకవుతున్నట్టే. ఆ లీకు నింపుతూ నింపుతూ కంప్రెసర్ కాలిపోతుంది.

కారులోని ఎయిర్ కండిషనర్, హీటర్ రెండూ ఫుల్‌లో నడిపి, డాంగిల్‌తో మళ్లీ ఫాల్ట్ కోడ్‌లు స్కాన్ చేయండి. హీటర్‌లోనో ఏసీ కంప్రెసర్‌లోనో తేమ చేరితే ఇన్సులేషన్ ఫాల్ట్ (హై వోల్టేజీ కరెంటు కారు బాడీలోకి లీకవడం) అప్పుడే బయటపడుతుంది. నాలుగేళ్ల బండిలో పాత 12 వోల్టుల బ్యాటరీ వదిలిన చిన్నాచితకా కోడ్‌లు ఉండటం మామూలే. ఒక్కటీ లేకపోతేనే నాకు అనుమానం, ఎవరో పొద్దున్నే తుడిచేసి ఉంటారు.

మోడల్‌ని బట్టి రీకాల్స్ (లోపం సరిచేయడానికి కంపెనీ బళ్లను వెనక్కి పిలవడం) కూడా ఛాసిస్ నంబర్‌తో వెతకండి. 2018 ముందరి టెస్లా మోడల్ ఎస్‌లలో 8 జీబీ మెమరీ చిప్ అరిగిపోయి స్క్రీన్ చచ్చిపోయేది, 2021లో అమెరికాలో రీకాల్ చేశారు. జాగ్వార్ ఐ-పేస్‌కి మంటల భయంతో బ్యాటరీ రీకాల్స్ వచ్చాయి. పని నిజంగా జరిగిందో లేదో సర్వీస్ సెంటర్ రాతలో చూపించాలి.

టైర్లు చూసేటప్పుడు స్టీరింగ్ పూర్తిగా తిప్పి, లోపలి అంచు చేత్తో తడమండి. రెండున్నర టన్నుల బరువుకి బయట కొత్తగా ఉండి లోపల తీగ తేలిన టైర్లు తరచూ కనిపిస్తాయి. డబ్బు చేతులు మారకముందే కారు కంపెనీ యాప్‌లో పాత ఓనరు ఖాతాలోంచి కారు తీయించండి, లేదంటే ఆయన ఫోన్లోంచి మీ కారు తలుపు తీయగలడు.