గేట్ మాక్ టెస్టులు సిలబస్ పూర్తికాకముందే రాయాలా? స్కోరు 30 దగ్గరే ఆగిపోతే ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: సివిల్ ఫైనల్ ఇయర్, సిలబస్ సగం దాటింది, టెస్ట్ సిరీస్ కొన్నారు, ఫుల్ లెంగ్త్ మాక్ రాస్తే వందకి 30 దాటడం లేదు. మిగతావి కూడా ఇప్పుడే రాసేయాలా, సిలబస్ అయ్యాక రాయాలా, ఇంకో సిరీస్ కూడా కొనాలా అని. నేనూ సివిల్ పేపరే రాసి ఎంటెక్‌లో చేరాను. ఆ తర్వాత మా కాలేజీ జూనియర్లు కొందరిని పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల మాక్ పేపర్లు చూశాను. ఆ అనుభవంతో చెప్తున్నాను.

సగం సిలబస్‌తో ఫుల్ మాక్ రాసి 30 వచ్చిందంటే అందులో కంగారుపడాల్సిందేమీ లేదు. చదవని సగం నుంచి మార్కులు ఎలాగూ రావు. ఆ అంకె చూసి దిగులు పడటమూ దండగే, ఇంకో నాలుగు మాక్‌లు రాసి అది పెరుగుతుందేమోనని చూడటమూ దండగే. పరీక్ష ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఒకటి రాశారు కదా, ప్రస్తుతానికి చాలు. ఇప్పుడు టాపిక్ టెస్టులూ సబ్జెక్ట్ టెస్టులూ రాయండి. సాయిల్ మెకానిక్స్ అయిపోయిందా, దాని టెస్ట్ ఆ వారంలోనే రాసేయండి, రివిజన్ అయ్యాక అని వాయిదా వేయకండి. ఫుల్ మాక్‌లు నవంబర్ చివరి వరకు ముట్టుకోవద్దు. పరీక్ష ఫిబ్రవరి మొదట్లో ఉంటుంది కాబట్టి వాటికి డిసెంబర్, జనవరి సరిపోతాయి.

అసలు సంగతి మాక్ రాశాక మొదలవుతుంది. దాదాపు అందరూ చేసేది ఒకటే. టెస్ట్ సబ్మిట్ చేయగానే స్కోరు చూస్తారు, ర్యాంకు చూస్తారు, సొల్యూషన్ పీడీఎఫ్ తెరిచి తప్పయినవి చదివి "ఓహో, ఇంతేనా" అనుకుని మూసేస్తారు. రఫ్ పేజీలు చెత్తబుట్టలోకి పోతాయి. నా లెక్కలో మాక్ మొత్తంలో విలువైనవి ఆ రఫ్ పేజీలే. ఎక్కడ తప్పిందో స్కోర్‌కార్డు చెప్పదు, రఫ్ పేజీ చెప్తుంది.

ఒక ఉదాహరణ. మా జూనియర్ ఒకమ్మాయికి కన్సాలిడేషన్ మీద, అంటే బరువు పడ్డాక మట్టిలోని నీళ్లు మెల్లగా బయటికి పోయి పొర కుంగడం మీద, లెక్క వచ్చింది. ల్యాబ్‌లో 20 మిల్లీమీటర్ల మందం ఉన్న శాంపిల్, పైనా కిందా డ్రైనేజీ ఉంది, 50 శాతం కన్సాలిడేషన్‌కి 5 నిమిషాలు పట్టింది. అదే మట్టి సైటులో 2 మీటర్ల పొర, కింద నీళ్లు దిగని రాయి. దానికి 50 శాతానికి ఎన్ని రోజులు? తను 34.72 అని కొట్టింది. జవాబు 138.89. సిరీస్ వాళ్ల రిపోర్టు "కన్సాలిడేషన్: వీక్" అని ఎర్ర రంగులో చూపించింది. దాంతో పాపం ఆ అమ్మాయి చాప్టర్ వీడియోలన్నీ మళ్లీ మొదటినుంచి చూడటానికి సిద్ధపడింది. రఫ్ పేజీ తెరిచి చూస్తే ఫార్ములా సరిగ్గానే ఉంది, నిష్పత్తి వర్గం చేయడం సరిగ్గానే ఉంది, నిమిషాలను రోజుల్లోకి మార్చడమూ సరిగ్గానే ఉంది. ఒక్క చోట మాత్రం సైటు పొరకి కూడా నీళ్లు రెండు వైపులా పోతాయన్నట్టు డ్రైనేజీ దారి సగం మందం, 1 మీటర్ అని వేసింది. కింద రాయి ఉంది కాబట్టి నీళ్లు పైకి మాత్రమే పోతాయి, దారి పూర్తి 2 మీటర్లు. కాలం ఆ దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక జవాబు సరిగ్గా నాలుగో వంతుకి పడిపోయింది.

అంటే ఆ అమ్మాయికి కన్సాలిడేషన్ వచ్చు. ప్రశ్నలో "కింద రాయి" అన్న మాట కంటికి ఆనలేదు, అంతే. దీనికి మందు వీడియోలు చూడటం కాదు. ఇలాంటి లెక్క రాగానే అంకెల జోలికి వెళ్లకముందే పొర బొమ్మ గీసి నీళ్లు ఎటు పోతాయో బాణాలు వేసుకోవడం. పది సెకన్ల పని. తర్వాత మాక్‌లలో అలాగే చేసింది.

అందుకే ప్రతి మాక్ తర్వాత తప్పయిన ప్రతి ప్రశ్నకీ రఫ్ పేజీ ముందు పెట్టుకుని తేల్చుకోండి: విషయమే తెలియదా, తెలిసీ ప్రశ్న సరిగ్గా చదవలేదా, కూడికల్లో పోయిందా, టైం లేక హడావిడి పడ్డారా. ఒక్కోదానికి ఒక్కో చికిత్స. గుడ్డిగా కొడితే తగిలినవి కూడా తప్పుల కిందే రాసుకోండి, వాటిని జనం వదిలేస్తారు. ఇదంతా కుదరాలంటే రాసేటప్పుడే రఫ్‌లో ప్రశ్న నంబరు వేయాలి, పక్కన స్క్రీన్ మీద మిగిలిన నిమిషాలు వేయాలి. అసలు పరీక్షలో స్క్రిబుల్ ప్యాడ్ వెనక్కి తీసేసుకుంటారు గానీ, ఈ అలవాటు వల్ల అక్కడ కూడా వదిలేసిన లెక్కకి తిరిగొచ్చినప్పుడు మళ్లీ మొదటినుంచి చేయక్కర్లేదు. మూడు గంటల మాక్‌కి ఈ పోస్టుమార్టం ఇంకో మూడు నాలుగు గంటలు పడుతుంది. అంత ఓపిక లేని రోజు మాక్ రాయకండి.

ఇక పరీక్షలో మన చదువుతో సంబంధం లేని చిక్కులు కొన్ని ఉన్నాయి. మాక్ ఉపయోగం సగం అక్కడే. చేతి క్యాలిక్యులేటర్ ఉండదు, స్క్రీన్ మీది వర్చువల్ క్యాలిక్యులేటర్‌ని మౌస్‌తో నొక్కాలి. కాలువలో నీటి వేగం లెక్కకట్టే మ్యానింగ్ సూత్రంలో మూడింట రెండు ఘాతం దాని మీద వేసి చూడండి, మొదటిసారి చిరాకొస్తుంది. యాంగిల్ డిగ్రీల్లో ఉందా రేడియన్లలో ఉందా అని చూసుకోకపోతే లెక్క మొత్తం గంగపాలు. ఇంట్లో టాపిక్ లెక్కలు కూడా దాని మీదే చేయండి, కాలేజీలో వాడిన క్యాలిక్యులేటర్‌ని అటకెక్కించండి. ఇంకొకటి: జవాబు ఎంచుకుని సేవ్ అండ్ నెక్స్ట్ నొక్కకుండా పక్కన ప్యాలెట్‌లో వేరే నంబరు మీదికి దూకితే ఆ జవాబు సేవ్ కాదు. మొబైల్ యాప్‌లో మాక్ రాసేవాళ్లకి ఇవేవీ అలవాటు కావు. నెట్ సెంటర్‌లో అయినా సరే, కంప్యూటర్ ముందు కూర్చునే రాయండి. పరీక్ష ఉదయం 9:30 నుంచి 12:30, లేదా మధ్యాహ్నం 2:30 నుంచి 5:30. రాత్రి పదింటికి రాసిన మాక్‌లో మార్కులు బాగానే వస్తాయి గానీ, భోజనం చేశాక మూడింటికి మీ బుర్ర ఎలా పనిచేస్తుందో అది చెప్పదు.

నెగెటివ్ గురించి భయం ఎక్కువగా ఉంటుంది కాబట్టి లెక్క వేసి చూపిస్తా. ఒక మార్కు ఎమ్‌సీక్యూ తప్పయితే మూడో వంతు పోతుంది, రెండు మార్కులదైతే మూడింట రెండు వంతులు. నాలుగు ఆప్షన్లలో ఏదీ తెలియక గుడ్డిగా పెడితే సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు. రెండు ఆప్షన్లు కచ్చితంగా కావని తెలిసి మిగతా రెంటిలో ఒకటి పెడితే, ఒక మార్కు ప్రశ్నకి సగటున మూడో వంతు లాభం. అలాంటివి వదిలేయడం తెలివితక్కువ. 2021లో వచ్చిన ఎమ్‌ఎస్‌క్యూలకీ (ఒకటికన్నా ఎక్కువ ఆప్షన్లు సరైనవి కాగల ప్రశ్నలు), సంఖ్య టైప్ చేసే ఎన్‌ఏటీలకీ నెగెటివ్ అసలే లేదు, ఖాళీగా వదలడానికి కారణమే లేదు. ఎమ్‌ఎస్‌క్యూలో మాత్రం సరైనవన్నీ పెడితేనే మార్కులు, సగం సరిగ్గా పెడితే సున్నా. మీరు ఆప్షన్లు కొట్టేయడంలో ఎంత నమ్మదగినవారో తెలియాలంటే, మాక్‌లలో అలా పెట్టిన ప్రతిదానికీ రఫ్‌లో ఒక చుక్క పెట్టి తర్వాత ఎన్ని తగిలాయో చూడండి. కొందరికి ఆ ధైర్యం కలిసొస్తుంది, కొందరు "కచ్చితంగా కాదు" అని కొట్టేసిన ఆప్షనే జవాబవుతూ ఉంటుంది.

ఆప్టిట్యూడ్ 15 మార్కులు, మ్యాథ్స్ సుమారు 13. స్ట్రక్చర్స్ వెనక పడి వీటిని జనవరికి నెట్టేయకండి. మీకొచ్చిన 30లో వీటి వాటా ఎంతో చూడండి, తక్కువైతే స్కోరు పెంచే తేలికైన దారి అదే.

మాక్‌లలో అన్నిటికన్నా మంచివి పాత గేట్ పేపర్లే. సిరీస్‌ల వాళ్లు తరచూ లెక్కని పొడుగు చేసి అదే కష్టం అనుకుంటారు. గేట్ ప్రశ్న చిన్నదిగా ఉంటుంది, కిటుకు మాత్రం లోపల ఉంటుంది. నేను రాసిన సిరీస్‌లో జవాబుల కీలో తప్పులు కూడా తగిలేవి, ఒక్కో లెక్క మీద పూటంతా పోయేది. అయితే టాపిక్‌వారీ పుస్తకంలో పాత ప్రశ్నలన్నీ ముందే చేసేస్తే, పేపర్‌గా రాయడానికి ఏమీ మిగలదు. అందుకే గత మూడేళ్ల ప్రశ్నల మీద ఇప్పుడే పెన్సిల్‌తో అడ్డంగా గీత పెట్టేయండి, వాటిని చూడొద్దు. ఆ మూడు పేపర్లనీ జనవరిలో గడియారం పెట్టుకుని, పరీక్ష వేళలోనే రాయండి. మీ స్థాయి ఏంటో వాటిని బట్టే అంచనా వేసుకోండి. సిరీస్ ఇచ్చే ఆల్ ఇండియా ర్యాంకు ఆ సిరీస్ కొన్నవాళ్లలో, ఆ రోజు రాసినవాళ్లలో ర్యాంకు మాత్రమే.

రెండో సిరీస్ కొనాలా అన్నారు. వద్దు. ఉన్నదాంట్లో సబ్జెక్ట్ టెస్టులన్నీ, ఫుల్ మాక్‌లు వారానికి ఒకటి చొప్పున, జనవరిలో కావాలంటే రెండు. పైన చెప్పినట్టు విప్పి చూస్తూ పోతే అవే పూర్తి చేయడానికి టైం చాలదు. పరీక్షకి ముందు వారం కొత్త మాక్ ఏదీ రాయకుండా, అప్పటిదాకా దాచిన రఫ్ పేజీలు తిరగేయండి. ప్రస్తుతానికి, ఆ 30 వచ్చిన మాక్ రఫ్ కాగితాలు ఇంకా ఉంటే, చదివిన సబ్జెక్టుల్లో పోయిన ప్రశ్నలు ఏ కారణంతో పోయాయో చూసి కింద కామెంట్‌లో రాయండి, అప్పుడు ఇంకొంచెం వివరంగా చెప్పగలను.