ఏసీలో ఏటా గ్యాస్ నింపించాల్సి రావడం మామూలేనా?

మామూలు కాదండి. మూడేళ్ల నాటి 1.5 టన్నుల ఇన్వర్టర్ ఏసీకి ఏటా వేసవి మొదట్లో గ్యాస్ పట్టిస్తున్నామని, మెకానిక్‌ని అడిగితే "వాడేకొద్దీ అయిపోతుంది" అన్నాడని రాశారు. ఆ మాట నమ్మకండి. బండిలో పెట్రోలులా ఏసీలో గ్యాస్ ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో ఒకసారి ఆవిరిగా, ఒకసారి ద్రవంగా మారుతూ ఉన్నదే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకవుతోందనే. విశాఖలో ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను. ఉప్పుగాలికి కాయిల్స్ (గ్యాస్ తిరిగే గొట్టాల చుట్టలు) ఎలా పాడవుతాయో చూస్తూనే ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ముందు తగ్గింది గ్యాసేనా అన్నది తేలాలి. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా, ఇండోర్ బ్లోయర్‌కి మురికి పట్టినా గది చల్లబడదు, కాయిల్ మీద మంచు కూడా కడుతుంది. ఏసీ నడుస్తుండగా అవుట్‌డోర్ దగ్గరి రెండు పైపులు చూడండి. సన్నపైపు మీద మంచు కట్టి, లావుపైపు చల్లగా లేకుండా పొడిగా ఉంటే గ్యాస్ తక్కువైందని గట్టిగా అనుమానించొచ్చు. లావుపైపు కూడా మంచుతో కప్పుకుపోతే ముందు ఫిల్టరూ బ్లోయరూ శుభ్రం చేయించండి. ప్రెషర్ చూపే గేజ్ ఒక్కటే చూసి తీర్పు చెప్పేవాళ్లతో జాగ్రత్త. ఆర్-22 అనే గ్యాస్ వాడే పాత మిషన్లలో సక్షన్ ప్రెషర్ (కంప్రెసర్‌లోకి తిరిగొచ్చే గ్యాస్ ఒత్తిడి) 60-70 పీఎస్ఐ ఉంటే చాలు, ఆర్-32 గ్యాస్ మిషన్లలో అది సుమారు 110-140 ఉంటుంది. పైగా ఇన్వర్టర్‌లో కంప్రెసర్ వేగం మారినప్పుడల్లా ఆ అంకె కూడా మారిపోతుంది.

లీక్ వెతకడమే అసలు పని, చాలామంది ఎగ్గొట్టేదీ అదే. నేను మొదట చూసేది ఫ్లేర్ నట్లు (పైపుల్ని యూనిట్‌కి బిగించేవి), గ్యాస్ ఎక్కించే సర్వీస్ వాల్వ్ లోపలి పిన్ను. జాయింట్ చుట్టూ నూనె జిడ్డు, దాని మీద దుమ్ము అంటుకుని కనిపిస్తే సగం జవాబు దొరికినట్టే. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా కొద్దికొద్దిగా బయటికి వస్తుంది మరి. అక్కడ ఏమీ లేకపోతే ఉన్న గ్యాస్ తీసేసి, నైట్రోజన్ ఎక్కించి, జాయింట్లన్నిటికీ సబ్బు నురగ పూయాలి. ఆక్సిజన్ సిలిండర్ మాత్రం దగ్గరికి కూడా రానివ్వకండి, లోపలి ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది.

ఎంవీపీ కాలనీలో ఒక ఇంట్లో మీలాంటి కేసే చూశాను. బయటి జాయింట్లు అన్నీ బాగున్నాయి. 300 పీఎస్ఐ నైట్రోజన్ పెట్టి వదిలి, మర్నాడు అదే వేళకి చూస్తే ప్రెషర్ బాగా దిగిపోయింది. (అదే వేళకి చూడాలి. రాత్రి చల్లదనానికి పది డిగ్రీలు తగ్గినా ప్రెషర్ పది పీఎస్ఐ దాకా దానంతటదే పడిపోతుంది, దాన్ని లీక్ అనుకోకూడదు.) పైపులు విప్పి ఇండోర్‌నీ అవుట్‌డోర్‌నీ విడివిడిగా పరీక్షిస్తే ఇండోర్ కాయిల్ అని తేలింది. దాన్ని నీళ్ల తొట్టిలో ముంచితే ఫిన్నుల (కాయిల్ మీది పలుచటి రేకుల) మధ్య నుంచి సన్నటి బుడగలు వచ్చాయి. కంటికి కనిపించని బెజ్జం అది. తేమ, ఇంట్లో వాడే క్లీనర్లు, కొత్త చెక్క సామాను నుంచి వచ్చే ఆమ్లపు ఆవిర్లు కలిసి రాగిని లోపల్లోపల చీమలపుట్టలా తొలిచేస్తాయి. అలాంటి కాయిల్‌కి ఒకచోట వెల్డింగ్ పెడితే ఇంకోచోట తెరుచుకుంటుంది. కాయిల్ మార్చడమే మేలని నా అభిప్రాయం. ముందు వారంటీ కార్డు తీసి చూడండి, కొన్ని కంపెనీలు కాయిల్‌కి విడిగా వారంటీ ఇస్తాయి.

లీక్ మూసేశాక లోపలి గాలినీ తేమనీ లాగేసే వాక్యూమ్ పంపు పెట్టాల్సిందే. కొంచెం గ్యాస్ వదిలి గాలిని తోసేశామంటే కుదరదు. లోపల మిగిలిన తేమని ఆయిల్ పీల్చుకుంటుంది, చివరికి కంప్రెసర్ పోతుంది. పంపు ఆపాక కూడా వాక్యూమ్ నిలబడాలి, అప్పుడే గ్యాస్. అదీ తూకం వేసి. ఎన్ని గ్రాములో అవుట్‌డోర్ స్టిక్కర్ మీద రాసి ఉంటుంది, పైపు పొడవు కంపెనీ చెప్పినదాని కంటే ఎక్కువైతే దానికి కొంత కలపాలి. ఆర్-22 మిషన్‌లో ఆర్-32 నింపుతానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, దాని ప్రెషర్ చాలా ఎక్కువ, పైగా మండే గుణం ఉంది.

ఈసారి పిలిచేటప్పుడు ఫోన్‌లోనే అడగండి: నైట్రోజన్, వాక్యూమ్ పంపు, తూకం మిషన్ తెస్తారా అని. వీటిలో ఏ ఒక్కటి లేదన్నా ఇంకొకర్ని చూసుకోండి. గ్యాస్ పని జరిగేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి, దేవుడి గదిలో దీపం ఉంటే కొండెక్కించండి. వెల్డింగ్ పెట్టేముందు లోపల గ్యాస్ పూర్తిగా తీసేశారా అని మీరే అడగండి. ఆ గ్యాస్ మంటకి తగిలితే వచ్చే పొగ విషం.