మాత్ర మొదలుపెట్టాకే ఈ చిరాకా?

ప్రశ్న: నా వయసు 27. బాబుకు రెండేళ్లు. రెండో కాన్పుకు ఎడం ఉండాలని నాలుగు నెలలుగా మాలా-డి వాడుతున్నాను. అప్పటినుంచీ చిన్న మాటకే చిరాకు, ఊరికే ఏడుపు వస్తున్నాయి. మాత్రలు మెదడుపై పనిచేస్తాయని చదివాను. మా అత్తయ్య మాత్రం అదంతా భ్రమ అంటున్నారు. ఏది నిజం?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: భ్రమ అని కొట్టిపారేయకూడదు. ఎందుకంటే ఈ మాత్ర ప్రధానంగా పనిచేసేదే మెదడు ద్వారా. ఇందులోని లెవొనార్జెస్ట్రెల్, ఇథినైల్ ఈస్ట్రడయాల్ అనే కృత్రిమ హార్మోన్లు మెదడులోని హైపోథాలమస్, దాని కిందుండే పిట్యూటరీ గ్రంథి నుంచి అండాశయానికి వెళ్లే సంకేతాలను తగ్గించి అండం విడుదలను ఆపుతాయి. దాంతో ఒంట్లో సహజంగా తయారయ్యే ప్రొజెస్టరాన్, దాని నుంచి పుట్టి మెదడును నెమ్మదింపజేసే అల్లోప్రెగ్ననలోన్ కూడా తగ్గుతాయి.

అయితే మాత్ర వల్లే మనఃస్థితి మారుతోందని రుజువు చేయడం తేలిక కాదు. పది లక్షల మందికి పైగా స్త్రీల రికార్డులతో డెన్మార్క్‌లో జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, డిప్రెషన్ మందులు తొలిసారి మొదలుపెట్టినవారు హార్మోన్ పద్ధతులు వాడేవారిలో ఏడాదికి నూటికి 2.2 మంది, వాడనివారిలో 1.7 మంది. కానీ ఆ రెండు వర్గాల జీవితాలు ఒకేలా ఉండకపోవచ్చు. పైగా మాత్ర పడనివారు మధ్యలోనే మానేస్తారు గనుక, ఏళ్ల తరబడి వాడినవారిని మాత్రమే అడిగితే అంతా బాగానే ఉందనిపిస్తుంది. మీ అత్తయ్యగారి అనుభవం అలాంటిదేనేమో! అందుకే స్వీడన్‌లో 340 మంది ఆరోగ్యవంతులైన స్త్రీలలో కొందరికి మాత్ర, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఎవరికేది అందిందో తెలియకుండా మూడు నెలలు ఇచ్చి చూశారు. మాలా-డిలోని హార్మోన్లే, అదే మోతాదులో. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం, మాత్ర వాడినవారిలో మొత్తంమీద బాగున్నామన్న భావన కొంత తగ్గింది గానీ, డిప్రెషన్ లక్షణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఇవన్నీ సగటు లెక్కలు. మీ విషయం మీ నోటుపుస్తకమే చెప్పాలి. రెండు స్ట్రిప్పులు పూర్తయ్యేదాకా రోజూ మనఃస్థితిని, నిద్రను రాసుకుని, 21 హార్మోన్ మాత్రల రోజులకూ 7 ఐరన్ మాత్రల రోజులకూ తేడా ఉందేమో చూడండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించుకోండి. భరించలేకపోతే అన్నాళ్లు ఆగనక్కర్లేదు. కాపర్-టి గానీ, హార్మోన్ లేని ఛాయ మాత్ర గానీ మీకు సరిపోతుందేమో డాక్టరును అడిగి మారండి. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా వెంటనే డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు.