అంటించే పని ఆఖరున చెయ్యమ్మా

రాజమండ్రి

చి.సౌ. అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న నువ్వడిగినవాటికి ఫోన్లోనే జవాబు చెప్పేదాన్ని గానీ, ఇలాంటివి నోటితో చెబితే సగం గాలికి పోతాయి. రాసిస్తే పక్కన పెట్టుకుని చూసుకుంటావు.

అమ్మమ్మ ట్రంకుపెట్టె నీ దగ్గరికి చేరడం నాకు సంతోషమే. చలికాలమంతా కూర్చుని అందులోని ఫొటోలు, ఉత్తరాలు ఒక పుస్తకంలో పేజీలుగా అమర్చి స్క్రాప్‌బుక్ చేస్తానన్నావు, అదింకా సంతోషం. ఆన్‌లైన్‌లో ఏదో పెద్ద కిట్టు చూసి పెట్టుకున్నానన్నావు చూడు, అది మాత్రం ఇప్పుడే కొనకు. స్టిక్కర్లు, రిబ్బన్లు, పూల అంచుల కాగితాలు ముందు కొనేస్తే, వాటిని వాడడం కోసం పేజీలు చేస్తాం. ఇన్నేళ్లు బడిలో క్రాఫ్ట్ టీచరుగా పిల్లల చేత చేయించాను కదా, ఈ తంతు బాగా తెలుసు. మెరుపు కాగితం కొన్న పిల్ల పుస్తకంలో మెరుపే ఉంటుంది. ముందు పెట్టె తెరిచి ఏముందో చూడు. ఏం కావాలో అదే చెబుతుంది.

ఈ పనికి చలికాలమే ఎందుకంటావా? కాగితానికి తేమ పడదు. వానల్లో గాలిలోని తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, జిగురు ఓ పట్టాన ఆరదు, అంటించిన పేజీ అప్పడంలా వంకర్లు తిరుగుతుంది. కార్తీకం వెళ్లాక ఆ బెడద తగ్గుతుంది. మీ హైదరాబాద్ మాకంటే పొడి ఊరు, నీకింకా నయం. అయినా మంచు పడే రోజుల్లో పొద్దున్నే కిటికీలు బార్లా తెరిచి కాగితాలు పరచకు. పదింటికి మొదలుపెట్టి పొద్దువాలేలోగా ఎత్తిపెట్టెయ్. వెలుతురు కావాలి గానీ నేరుగా ఎండ తగలకూడదు, ఫొటోలు పాలిపోతాయి.

ఇంకో కారణం కూడా ఉంది, నా లెక్కలో అదే పెద్దది. సంక్రాంతి ముందు ఇళ్లు దులుపుతారు, అటకలు ఖాళీ చేస్తారు. పనికిరానివన్నీ భోగి మంటలో పడతాయి. ఎన్ని ఇళ్లలో ఉత్తరాల కట్టలు అలా పోయాయో! పాత పుస్తకాలతో పాటు ఎవరు చూస్తారులే అని వేసేస్తారు. మీ మేనమామల ఇళ్లకీ బాబాయి వాళ్లకీ ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు, కాగితం ముక్క అన్నది నీకు చూపించకుండా మంటలో వెయ్యొద్దని. నవ్వుతారు, నవ్వనీ. ఆ పండక్కే పెద్దవాళ్లందరూ ఒకచోట చేరతారు కూడా. ఫొటోలో వెనక వరుసలో నిలబడ్డ ఆవిడెవరో చెప్పగలిగినవాళ్లు ఇంకా ముగ్గురు నలుగురు మిగిలారు. అందుకే సంక్రాంతి దాకా నీ పని ఏరడం, అడగడం, రాసుకోవడమే. జిగురు సీసా మూత తీసేది పండగయ్యాకే.

ఏరేటప్పుడు తేదీ తెలియనివి చాలా తగులుతాయి. వాటిని తేల్చే దారులు ఉన్నాయి. కవరు మీద తపాలా ముద్ర చూడు, చెదిరిపోయినా భూతద్దం పెడితే ఒక్కోసారి దొరుకుతుంది. ముద్ర లేకపోతే చిరునామా చదువు. పిన్‌కోడ్ రాసి ఉంటే అది 1972 ఆగస్టు తర్వాతి ఉత్తరమే, మన దేశంలో పిన్‌కోడ్ వచ్చిందే అప్పుడు. విజయనగరం జిల్లా అని ఉంటే 1979 తర్వాతది, అంతకు ముందు ఆ జిల్లా లేదు. బట్టల కొట్టు రసీదులో అణాలు కనిపిస్తే చాలావరకు 1957కి ముందుది. కొత్త పైసలు వచ్చాక కూడా కొన్నాళ్లు జనం నోట అణాలే నడిచాయి గనుక దీన్ని మాత్రం ఖాయం చేసుకోకు. స్టూడియోలో తీయించిన ఫొటో వెనక స్టూడియో ముద్ర ఉంటుంది, ఊరు తెలుస్తుంది. రంపపు పళ్లలాంటి అంచులున్న చిన్న నలుపు తెలుపు ఫొటోలను ఒక కుప్పగా పెట్టుకో, అవన్నీ ఇంచుమించు ఒకే కాలంవి. టెలిగ్రాం కాగితం దొరికితే అపురూపంగా దాచు. ఆ సేవే 2013 జూలైలో మూతపడింది. మన ఇంట్లో ఇప్పుడు అది ఎలా ఉంటుందో తెలియని పిల్లలే ఎక్కువ.

ఫొటో వెనక బాల్‌పెన్నుతో రాయకు. ఆ నొక్కుడు ముందువైపు మొహం మీద తేలుతుంది. పాత మందపాటి ఫొటోలకైతే మెత్తటి 2బీ పెన్సిల్‌తో, అంచు దగ్గర, తేలిగ్గా రాయి. రంగు ఫొటోల వెనక నున్నగా ఉంటుంది, పెన్సిల్ పడదు. వాటికి ఒక్కో అంకె ఇచ్చుకుని నోటుపుస్తకంలో రాసుకో. ఎవరు, ఎక్కడ, ఎందుకు కలిశారు, చెప్పిందెవరు. ఈ నాలుగోది కూడా ముఖ్యమే. మీ చినమావయ్య ఒకటి చెబుతాడు, మీ అమ్మ ఇంకోటి చెబుతుంది. రెండూ రాయి. వాళ్లిద్దరి పోట్లాట కూడా ఆ పేజీలో ఉంటేనే బాగుంటుంది.

మాట్లాడేటప్పుడు ఫోన్లో రికార్డు చేసుకో, పరవాలేదు. కానీ పేజీ మీదకి వచ్చేసరికి వాళ్ల మాటే రాయి. "అదిగో ఆ చీర మా అత్తగారు దాచేసింది" అని ఎవరో ఒకావిడంటే, నువ్వు దాన్ని చక్కదిద్ది "ఆ చీర విషయంలో చిన్న వివాదం" అని రాస్తే నీ పేజీ చప్పగా తయారవుతుంది.

ఇక పెట్టెలో ఆ అంటుకునే షీట్ల ఆల్బం ఒకటి ఉండాలి, మీ అమ్మ పెళ్లిది. పైన పల్చటి ప్లాస్టిక్, కింద జిగురు గీతలు. ఆ రోజుల్లో అందరం అవే కొన్నాం. ఆ జిగురు ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి ఫొటోని పట్టేస్తుంది. గోళ్లతో పీకితే చిరుగుతుంది. ప్లాస్టిక్ మెల్లగా ఎత్తి, డెంటల్ ఫ్లాస్ దారం ఒక మూల నుంచి ఫొటో కిందకి దూర్చి, రెండు చివరలూ పట్టుకుని రంపం లాగినట్టు అటూ ఇటూ లాగుతూ పో. హడావిడి పడకు. రాకపోతే వదిలెయ్, ఆ పేజీని అలాగే స్కాన్ చేసుకో. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫొటోకీ ఇదే మాట. అద్దం మీదనుంచే స్కాన్ తియ్యాలి, నీళ్లు చల్లి ఊడదీసే ప్రయోగాలు వద్దు.

అసలువి పేజీలో పెట్టాలా, నకళ్లు పెట్టాలా అని అడిగావు. నా పద్ధతి ఇది: ఒకటే ఉన్నవాటికి నకలు పెట్టు, అసలుది కవరులో భద్రంగా దాచు. దినపత్రిక కత్తిరింపులకైతే తప్పనిసరిగా నకలే. ఆ చౌక కాగితం పసుపెక్కుతుంది, పక్కనున్నదాన్నీ పాడుచేస్తుంది. ఆర్టీసీ మెషీన్ టికెట్లు, ఏటీఎం స్లిప్పులు, హోటలు బిల్లులు వేడికి నల్లబడే కాగితం మీద అచ్చవుతాయి. కొన్నాళ్లకి అక్షరాలు ఎగిరిపోయి తెల్లకాగితం మిగులుతుంది. వాటిని వెంటనే జిరాక్స్ తీయించు. లామినేషన్ చేయిస్తే ఉంటాయి కదా అనుకుంటావేమో, ఆ మెషీన్ వేడికి మొత్తం నల్లగా మాడిపోతుంది. అసలు పాతవి వేటికీ లామినేషన్ వద్దు.

పుస్తకం సైజు సంగతి. అందరూ పన్నెండు అంగుళాల చదరం పుస్తకాలు చూపిస్తారు. అది మామూలు స్కానర్ మీద పట్టదు, జిరాక్స్ తీయించి అమెరికాలో ఉన్న వదినకి పంపాలన్నా చిక్కే. ఏ4 సైజు చాలు. పేజీలకి 220 నుంచి 250 జీఎస్ఎం కార్డు తీసుకో, అంటే చదరపు మీటరు కాగితం అన్ని గ్రాముల బరువు ఉంటుందన్నమాట. జిరాక్స్ కాగితం 70, 80 ఉంటుంది, ఫొటో బరువుకి వాలిపోతుంది. ఆసిడ్ లేనిది అని రాసి ఉంటే మరీ మంచిది, ధర కొంచెం ఎక్కువే. పైన అలంకారం కాగితాలకి డబ్బు తగలేయకు. మీ హైదరాబాద్ ఛత్తా బజార్లో పెళ్లికార్డులు అచ్చేసే ప్రెస్సులుంటాయి కదా, అక్కడ అడిగితే కత్తిరింపుల్లో మిగిలిన మందపాటి కాగితాలు దొరుకుతాయి. బంగారు రంగువి, బుట్టా అచ్చువి, ఎంతో బావుంటాయి.

మడిచే ముందు కాగితం వాటం చూసుకో. రెండు వైపులా తేలిగ్గా వంచి చూడు, ఒకవైపు ఇట్టే వంగుతుంది, ఇంకోవైపు మొరాయిస్తుంది. ఇట్టే వంగిన దిక్కున మడత పెట్టాలి. లేకపోతే మందపాటి కార్డు మడత దగ్గర పగులుతుంది. కుట్టు వైపు కూడా ఆ వాటంగానే రావాలి, అప్పుడే పేజీ బల్లపరుపుగా తెరుచుకుంటుంది. మడత గీతకి ఇంక్ అయిపోయిన బాల్‌పెన్ను, స్టీలు స్కేలు చాలు. కత్తిరించేటప్పుడు కట్టర్‌ని ఒక్కసారే గట్టిగా లాగొద్దు, తేలిగ్గా మూడు నాలుగుసార్లు పోనీ. మొండి బ్లేడుతోనే వేళ్లు తెగేది, ముక్క విరిచి కొత్త అంచు తెచ్చుకో.

ఇప్పుడు జిగురు. ఫొటోలకి జిగురే వద్దు. నాలుగు మూలలకీ చిన్న త్రికోణం జేబులు అమ్ముతారు, లేదా నువ్వే మడుచుకో. రెండు అంగుళాల పొడవు, అంగుళం వెడల్పు పట్టీ తీసుకుని, పొడవు మధ్యలో గుర్తు పెట్టి, అక్కణ్నుంచి రెండు కొసలనూ వెనక్కి మడిస్తే మూల తయారు. అంటించేది ఆ జేబునే, ఫొటోని కాదు. రేపు ఎవరికైనా కావాలంటే తీసి ఇవ్వొచ్చు. ఉత్తరాలకి కవరులాంటి జేబు చేసి పేజీకి అంటించు, ఉత్తరం బయటికి తీసి చదువుకునేలా. పెళ్లి శుభలేఖకి మూలల్లో పసుపు ఉంటుంది, ఎదుటి పేజీకి అంటకుండా మధ్యలో పల్చటి కాగితం ఒకటి వెయ్యి.

కాగితానికి కాగితం అతికేటప్పుడు ఫెవికాల్ పర్లేదు, కాకపోతే చాలా పల్చగా, పాత ఏటీఎం కార్డు అంచుతో పరిచి, పైన ప్లాస్టిక్ షీటు వేసి, రాత్రంతా బరువు కింద ఉంచు. సెల్లోటేపు మాత్రం నీ ఇంట్లోకే రానివ్వకు. అట్టలకి నేను ఇప్పటికీ మైదా జిగురే వాడతాను. మైదాకి అయిదింతలు నీళ్లు కలిపి, ఉండలు కట్టకుండా సన్నసెగ మీద తిప్పుతూ ఉంటే పిండి అద్దంలా మారుతుంది. పురుగు పట్టకుండా బైండింగువాళ్లు చిటికెడు మైలుతుత్తం వేస్తారు. అది విషం, మీ ఇంట్లో బుడ్డోడున్నాడు, నువ్వు వెయ్యకు. ఏ పూటకాపూట కొంచెం ఉడికించుకో. ఫొటో దగ్గరికి ఈ జిగురు అసలు తీసుకెళ్లకు.

బుడ్డోడి మాట వచ్చింది కాబట్టి, వాడికీ కాస్త పని పెట్టు. క్రిస్మస్ సెలవుల్లో అయిదు మూలల నక్షత్రం చేయించు, పండక్కి చిన్న పతంగులు చేయించు. పతంగి కాగితం రంగు తడికి వదులుతుందని గుర్తుంచుకో, నీ పేజీల దగ్గర పెట్టనివ్వకు. క్విల్లింగ్ అని సన్నటి కాగితం పట్టీలు చుట్టి బొమ్మలు చేయడం నీకు టెన్షన్ తగ్గిస్తుందన్నావు. చుట్టుకో, కార్డుల మీద అంటించు. స్క్రాప్‌బుక్‌లో వద్దు, ఎత్తుగా ఉండి ఎదుటి పేజీ ఫొటోని నొక్కుతుంది.

పండగయ్యాక, శివరాత్రికి చలి శివశివా అంటూ పోయేలోగా, అంటించడం తేలిగ్గా అయిపోతుంది. ఒక్కో పేజీకి ఒక్క సంగతి చాలు. సగం ఖాళీగా వదిలినా తప్పు లేదు, తర్వాత ఎవరికైనా ఏదైనా గుర్తొస్తే రాయడానికి చోటుంటుంది. అయిన పుస్తకాన్ని బీరువాలో పడుకోబెట్టు, నిలబెట్టకు. గోడకి ఆనుకున్న అలమారలో పెడితే వానల్లో చెమ్మ పడుతుంది. కలరా ఉండలు కాగితాలకి తగిలేలా వెయ్యొద్దు.

పండక్కి వచ్చేటప్పుడు పేర్లు తెలియని ఫొటోల నకళ్లు కొంచెం పెద్దగా తీయించి పట్టుకురా. మీ పెద్దనాన్నకి చిన్న బొమ్మలు ఆనడం లేదు, కళ్లజోడు మార్చమంటే వినడు. అలాగే ఛత్తా బజార్ వెళితే నాకోసం కూడా ఆ మందపాటి మిగులు కాగితాలు ఒక కట్ట తీసుకో, లేత రంగులవి. డబ్బులు ఇక్కడ ఇస్తాను, వద్దనకు.

ఇట్లు,
పెద్దమ్మ