పోలీసులు సీపీఆర్ చేస్తే నిజంగా ప్రాణం నిలుస్తుందా?

రోడ్డు మీద కుప్పకూలిన వారిని పోలీసులు సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీని పదేపదే నొక్కడం) చేసి బతికించారన్న వార్తలు ఎంతవరకు నమ్మాలి, డాక్టరు కాని మనిషి ఛాతీ నొక్కితే ఏమవుతుంది అని అడిగారు. నేను ఆసుపత్రి అత్యవసర విభాగంలో నర్సును. కానిస్టేబుళ్లకు సీపీఆర్ నేర్పే తరగతుల్లోనూ పనిచేశాను. నమ్మవచ్చు. అయితే అందరూ బతకరు, ఆ మాట కూడా చెప్పాలి.

గుండె ఆగిన నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. 108 బండి ఎంత వేగంగా వచ్చినా, సాయంత్రం రద్దీలో అంతలోపు చేరడం కష్టం. చౌరస్తాలో కానిస్టేబుల్ అప్పటికే ఉంటాడు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తాలో ఒకాయన పడిపోతే, ట్రాఫిక్ కానిస్టేబుల్ రాజశేఖర్ వెంటనే ఛాతీ నొక్కి కాపాడిన వీడియో మీరు చూసే ఉంటారు. ఆ తర్వాత కొద్ది రోజులకే తెలంగాణలో పోలీసులతో సహా పలు శాఖల సిబ్బందికి సీపీఆర్ శిక్షణ మొదలైంది.

ఛాతీ నొక్కినంత మాత్రాన ఆగిన గుండె సాధారణంగా దానంతటది కొట్టుకోదు, చాలా సందర్భాల్లో గుండెకు కరెంటు షాక్ ఇవ్వాల్సిందే. ఆ షాక్ అందేదాకా మెదడుకు కాస్త రక్తం చేరుతూ ఉండడానికే ఈ నొక్కడం. అందుకే ఎవరు చేస్తున్నారన్నదాని కంటే ఎంత త్వరగా మొదలుపెట్టారన్నదే ముఖ్యం.

పోలీసులకు మరో బలం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. మనిషి పడిపోగానే చుట్టూ జనం మూగుతారు. ఒకరు నోట్లో నీళ్లు పోస్తారు, ఒకరు చేతిలో తాళంచెవులు పెడతారు, ఇంకొకరు లేపి కూర్చోబెట్టబోతారు. వారిని నేను పక్కకు జరగమంటే జరగరు. ఖాకీ బట్టల్లో ఉన్న మనిషి ఒక్క మాటంటే జరుగుతారు. ముక్కూమొహం తెలియని వ్యక్తి ఛాతీ మీద చెయ్యి వేయడానికి అందరూ జంకుతున్నప్పుడు, ఆయనను ఎవరూ ప్రశ్నించరు.

శిక్షణలో పోలీసులను వెనక్కి లాగేది భయమే. ఒక పెద్దవయసు హెడ్ కానిస్టేబుల్, సాధనకు వాడే మనిషి బొమ్మను పసిపిల్లను జోకొట్టినట్టు తడుతూ, "ఎముక విరిగితే కేసు నా మీదే కదా మేడం?" అన్నారు. విరిగిన పక్కటెముక అతుక్కుంటుందని, ఆగిన గుండె మాత్రం మన కోసం ఎదురుచూడదని చెప్పాను. కనీసం ఐదు సెంటీమీటర్ల లోతు నొక్కితేనే మా బొమ్మ 'టక్' మంటుంది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలయ్యేసరికి ఆయన చెమట బొమ్మ మీద పడుతోంది, టక్ టక్ మాత్రం ఆగలేదు.

ఇంకోటి కూడా గట్టిగా చెబుతాం. స్పృహ లేకుండా ఉండి, ఉండుండి ఎగశ్వాస తీస్తుంటే "ఊపిరి ఆడుతోంది" అని వదిలేయకూడదు. అది గుండె ఆగిన గుర్తు కావచ్చు.

ఒక రాత్రి మా దగ్గరికి వచ్చిన రోగితోపాటు ఓ యువ కానిస్టేబుల్ కూడా అంబులెన్సులో వచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దగ్గర దుమ్ము, అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. "సరిగ్గానే నొక్కానా మేడం?" అని మాత్రమే అడిగాడు. ఆ రోగి తర్వాత నడుచుకుంటూ ఇంటికి వెళ్లారు. అలా వెళ్లని వారినీ చూశాను. వారి విషయంలోనూ ఆ కానిస్టేబుళ్లు చేయాల్సింది చేశారు.

నా బాధల్లా ఒక్కసారి నేర్పి సర్టిఫికెట్ ఇచ్చి వదిలేయడం గురించే. సాధన లేకపోతే కొన్ని నెలలకే చేతులు లయ మరిచిపోతాయి. ప్రతి స్టేషన్‌లో ఒక బొమ్మ, గస్తీ వాహనాల్లో షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఎప్పుడైనా కానిస్టేబుల్ అలా నొక్కుతుండగా మీరు అక్కడుంటే వీడియో తీయకండి. 108కి ఫోను చేసి స్పీకర్ పెట్టండి, దగ్గర్లో ఏఈడీ ఉందేమో ఎవరినైనా పంపండి. రెండు నిమిషాలకు ఆయన అలసిపోతారు, "నేను చేస్తాను సార్" అని ముందుకు వెళ్లండి.